వార్డెన్ సంతకం నుంచి కృత్రిమ మేధ దాకా

హైదరాబాద్‌లో మధుమేహ రోగి కంటి పరీక్షకు వెళ్తే, గడ్డం స్టాండుకు ఆనించి రెప్ప వేయకుండా కూర్చోవాలి. కళ్లెదుట ఒక్క మెరుపు, రెటీనా ఫొటో కంప్యూటర్‌లో ఉంటుంది. చికిత్స అయిపోయాక కూడా ఆ ఫొటో ఏదో ఒక కృత్రిమ మేధ ప్రోగ్రామ్‌కు పాఠంగా మిగిలిపోవచ్చు. అందుకు రోగి అనుమతి అడగాలా అన్నది కొత్త ప్రశ్నలా అనిపిస్తుంది గానీ, మన దగ్గర దాని మూలాలు అప్పటి ఖమ్మం జిల్లాలో ఉన్నాయి.

2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేయడం మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన ఆ కార్యక్రమాన్ని, కొందరు బాలికలు మరణించాక, 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపించింది. మరణాలకు టీకాయే కారణమని తేలలేదు. బయటపడింది సమ్మతి పత్రాల బాగోతం. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయనీ, 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్లే సంతకం పెట్టారనీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పింది. పిల్లల్ని హాస్టల్లో వదిలి ఊళ్లో కూలికి వెళ్లే తల్లిదండ్రుల మాటకు వార్డెన్ సంతకం ఎంత తేలిగ్గా బదులైందో ఈ అంకెలు చాలు చెప్పడానికి.

అదే ఏడాది, మందుల ప్రయోగాల్లో సమ్మతి తీసుకోవడాన్ని వీడియో తీయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2019లో ‘కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ (మనుషులపై మందుల ప్రయోగాలు) నిబంధనలు’ వచ్చాయి.

ఇవన్నీ సూదిని, మాత్రను దృష్టిలో పెట్టుకుని రాసినవి. 2016లోనే హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, మైక్రోసాఫ్ట్ కలిసి కంటి వైద్యంలోకి మెషీన్ లెర్నింగ్‌ను (సమాచారం చూసి కంప్యూటర్ తానే నేర్చుకునే పద్ధతిని) తెచ్చే పని ప్రకటించాయి. చికిత్సకు వాడే సాఫ్ట్‌వేర్‌ను వైద్య పరికరంగా చట్టం గుర్తించింది మాత్రం 2020 ఏప్రిల్ నుంచి. ఆరోగ్య రంగంలో కృత్రిమ మేధకు నైతిక మార్గదర్శకాలను 2023లో ఐసీఎంఆర్ విడుదల చేసింది. ఖమ్మం వ్యవహారంలో స్థాయీ సంఘం చేత అక్షింతలు వేయించుకున్న సంస్థే ఇది. రోగి స్వేచ్ఛ, సమాచార గోప్యత, జవాబుదారీతనం వంటి పది సూత్రాలున్న ఆ పత్రం బాగానే ఉంది, కానీ అది చట్టం కాదు.

అసలు చిక్కు పాత ఫొటోలతోనే. పేరూ ఊరూ తీసేసిన సమాచారాన్ని వాడుకోవడానికి రోగి సమ్మతి అక్కర్లేదని మినహాయింపు ఇచ్చే అధికారం పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఆసుపత్రి ఎథిక్స్ కమిటీకి ఉంది. అంటే రోగి బదులు మళ్లీ ఇంకొకరు సరేనంటున్నారు. 2019 నిబంధనల ప్రకారం ఆ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. వారిలో ఒక మహిళ, ఒక న్యాయ నిపుణుడు, ఒక సామాన్యుడు తప్పనిసరి. కంప్యూటర్ లోగుట్టు తెలిసినవారు ఉండి తీరాలన్న నియమం మాత్రం అందులో లేదు.