తుంపర మీద బతికే అడవి

ప్రియమైన పిల్లలూ,

విక్టోరియా జలపాతం నయాగరా కంటే పెద్దదా అని మొన్న ఫోన్‌లో అడిగారు కదా. ఎత్తులో అయితే దానికి రెట్టింపు, సుమారు 108 మీటర్లు, వెడల్పు 1,700 మీటర్ల పైమాటే. కానీ ఆ అంకెల దగ్గరే ఆగిపోవద్దర్రా. నీళ్లు కింద పడ్డాక జరిగేదే నాకు ఎక్కువ ఇష్టం, అది చెబుదామనే ఈ ఉత్తరం.

ఆఫ్రికాలో జాంబియా, జింబాబ్వేల మధ్య జాంబేజీ నది విశాలంగా, నింపాదిగా వచ్చి ఒక్కసారిగా సన్నని లోతైన చీలికలోకి దూకుతుంది. ఎదురుగా దాదాపు అంతే ఎత్తున రాతిగోడ ఉంటుంది, అందుకని కింద చిట్లిన నీరు తుంపరగా పైకి లేచి, వరద రోజుల్లో 400 మీటర్లు కూడా దాటి, చాలా కిలోమీటర్ల దూరం నుంచే మేఘంలా కనిపిస్తుంది. అక్కడివాళ్లు మోసి-ఓవా-తున్యా, అంటే ఉరిమే పొగ, అని పిలుచుకునే ఈ జలపాతాన్ని 1855లో బ్రిటిష్ అన్వేషకుడు లివింగ్‌స్టన్ చూసి తమ రాణి విక్టోరియా పేరు పెట్టాడు.

ఆ తుంపర ఎదురుగోడ మీద వానలా పడుతూనే ఉంటుంది. అది పడినంత మేరా పచ్చటి అడవి! మన మేడి, రావి చెట్ల జాతివే అక్కడా ఉన్నాయి, మన బీడీ ఆకు తునికి చెట్టుకు దగ్గరి బంధువైన ఎబొనీ ఉంది, కింద ఫెర్న్ మొక్కలు, పైన తీగలు, వాటి మధ్య జింకలు, కోతులు. హార్న్‌బిల్ పక్షులు మేడిపండ్లు తిని గింజల్ని దూరంగా వదులుతాయి, అలా కొత్త చెట్లు మొలుస్తాయి. కాస్త దూరం నడిచి తుంపర దాటారంటే మాత్రం నేల పొడి, ఎండాకాలంలో ఆకులు రాల్చేసే మోపానే చెట్లు. ఆకాశం నుంచి పడే వాన రెండు చోట్లా ఒకటే, తేడా అంతా ఆ తుంపరదే.

ఇంకో సంగతి. అక్కడ వానలు నవంబరు నుంచి మార్చి దాకా పడతాయి, కానీ నది నిండుగా ఉండేది ఏప్రిల్ ప్రాంతంలో. ఎందుకంటే అంగోలా నుంచి, జాంబియా ఎగువ నుంచి వచ్చే వరద దారిలో జాంబియాలోని బరోట్సే అనే పెద్ద వరద మైదానంలో పరుచుకుని నెమ్మదిగా కిందికి దిగుతుంది. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి జాంబియా వైపు చాలాచోట్ల ఉత్త రాయే కనిపిస్తుంది. ఎగువన ఆ మైదానానికి ఏమైనా అయితే ఇక్కడి అడవికీ తిప్పలే, అందుకే 1989లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చినా నాకు నిశ్చింత లేదు. పైగా మన అడవుల్ని కమ్మేస్తున్న లాంటానా కంపే అక్కడి అడవిలోకీ చొరబడింది, దాన్ని పీకించడం పెద్ద పని.

జలపాతం ఉన్నచోటే ఉండదు, తెలుసా? అక్కడి రాయి దాదాపు 18 కోట్ల ఏళ్ల కిందటి లావా. అందులోని పగుళ్ల వెంట నది కోసుకుంటూ ఎగువకు జరుగుతూ వచ్చింది, దిగువన వంకర్లు తిరిగిన లోయలన్నీ ఒకప్పుడు జలపాతం ఉన్న చోట్లే. ఇప్పుడా లోయల నిట్టనిలువు గోడల మీద అరుదైన తైతా డేగలు గూడు పెట్టుకుంటాయి. శాటిలైట్ మ్యాప్‌లో జింబాబ్వే వైపు చివరన డెవిల్స్ కాటరాక్ట్ అని వెతకండి, నది ఇప్పుడు అక్కడే ఎక్కువ లోతుగా కోస్తోంది, తర్వాతి జలపాతం అక్కడి నుంచే మొదలవుతుందంటారు. చూసి, పాత లోయలు ఎన్ని లెక్కకొచ్చాయో నాకు రాయండి.

మీ తాతయ్య