భుజం మీది నక్షత్రాలు వేరు, గుండె మీది రిబ్బన్లు వేరు

చి. అమ్ములుకి, చిన్నూకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న పంద్రాగస్టు పరేడ్‌లో చిన్నూ నన్నొక ప్రశ్న అడిగాడు. "తాతయ్యా, ఆయన జేబు మీద రంగురంగుల పట్టీలున్నాయి, పక్కాయనకు ఒక్కటీ లేదు. ఎందుకని?" మైకు హోరులో నేను చెప్పిందేమీ వాడికి వినపడలేదు. సాయంత్రానికి మీరు బస్సెక్కేశారు. అప్పటినుంచీ ఆ ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. అమ్ములూ, నువ్వు చదివి తమ్ముడికి వినిపించు.

ముందు ఒక తేడా తెలుసుకోండి. భుజం మీద ఉండే నక్షత్రాలు ఉద్యోగ హోదాకు గుర్తు. ఎస్సైకి రెండు, సీఐకి మూడు. ప్రమోషన్ వస్తే అవి మారతాయి. ఎడమ జేబు పైన కుట్టుకునే రిబ్బన్లు అలాంటివి కావు. ఆ మనిషి చేసిన పనికి వచ్చిన పతకాల గుర్తులవి. పతకాలు బరువుగా ఉంటాయి కాబట్టి రోజూ పెట్టుకోరు, వాటి బదులు రిబ్బను ముక్క ఉంటుంది. పరేడ్ రోజు మాత్రం అసలు పతకాలే వేలాడతాయి. కాబట్టి ఒక హెడ్ కానిస్టేబుల్ గుండె మీద ఉన్న రిబ్బను ఆయన పై అధికారికి లేకపోవచ్చు. అప్పుడు ఆ అధికారి కూడా దాన్ని ఒకసారి చూసి, ఎప్పుడు వచ్చిందని అడిగి తెలుసుకుంటాడు. అది నేను కళ్ళారా చూశాను.

స్టేషన్లో నా పని మీకు తెలుసుగా, రైటర్‌ని. డైరీలు, కేసు కాగితాలు, కోర్టుకు పంపేవి, అన్నీ నా చేతి మీదుగా వెళ్ళేవి. దొంగల్ని పట్టుకున్నవాళ్ళు వేరే. వాళ్ళు పట్టుకున్న సంగతి కాగితం మీద పెట్టింది నేను. అందుకే ఈ పతకాల కథ నాకు లోపలినుంచి తెలుసు.

అన్నిటికన్నా కింది మెట్టు రివార్డు. ఒక కానిస్టేబుల్ రాత్రి గస్తీలో బైకు దొంగను పట్టుకుంటే ఎస్పీగారు కొంత నగదు, ఒక ప్రశంసాపత్రం ఇస్తారు. ఆ సంగతి సర్వీస్ బుక్‌లో ఎక్కుతుంది. మంచి పని చేశాడని రాసే ఆ పద్దును మేము జీఎస్ఈ అంటాం. డబ్బు ఆ వారంలోనే ఖర్చయిపోతుంది. పద్దు మాత్రం రిటైరయ్యేదాకా ఉంటుంది. రేపు పెద్ద పతకానికి పేరు పంపాలంటే ముందు తిరగేసేది ఆ పుస్తకాన్నే.

దానిపైన రాష్ట్రప్రభుత్వం ఇచ్చేవి ఉన్నాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో ఉగాదికి ప్రకటించడం ఆనవాయితీ. సేవా పతకం, ఉత్తమ సేవా పతకం, మహోన్నత సేవా పతకం, కఠిన సేవా పతకం, ప్రాణాలకు తెగించిన వాళ్ళకు శౌర్య పతకం. తెలంగాణలోనూ దాదాపు ఇవే పేర్లు. వీటిలో నాకు బాగా నచ్చిన పేరు కఠిన సేవ. అడవుల్లో, ఇంటికి దూరంగా, ఎప్పుడేమవుతుందో తెలియని చోట పనిచేసేవాళ్ళ కష్టం ఆ ఒక్క మాటలో ఉంది.

ఇక దేశం మొత్తానికీ సంబంధించినవి. ఇంగ్లీషువాళ్ళ కాలంలో రాజు పేరు మీద పోలీసులకు పతకం ఉండేది, 1909లో మొదలైంది. మనది గణతంత్ర దేశం అయ్యాక, 1951 మార్చి 1న రాష్ట్రపతి పేరు మీద కొత్త పతకాలు వచ్చాయి. తర్వాత తర్వాత రకాలు బాగా పెరిగిపోయాయి. వాటన్నిటినీ కలిపి 2024 రిపబ్లిక్ డే నుంచి నాలుగే ఉంచారు. రాష్ట్రపతి శౌర్య పతకం, శౌర్య పతకం అన్నవి సాహసానికి. రాష్ట్రపతి విశిష్ట సేవా పతకం, ప్రతిభావంత సేవా పతకం అన్నవి ఏళ్ళ తరబడి మచ్చ లేకుండా పనిచేసినవాళ్ళకి. ఏటా జనవరి 26కి, ఆగస్టు 15కి ఈ జాబితాలు వస్తాయి. పతకం ఇచ్చాక ఆ మనిషి తప్పుడు పని చేశాడని తేలితే దాన్ని వెనక్కి తీసుకునే నిబంధన కూడా ఉంది. అది ఉండాల్సిందే.

చదు‌వు యాదయ్య అనే ఆయన సంగతి మీకు తప్పకుండా చెప్పాలి. తెలంగాణ పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్. 2022 జూలై 25న మెడలో గొలుసులు తెంచుకుపోయే ఇద్దరు దొంగల్ని పట్టుకోబోయాడు. వాళ్ళు కత్తి తీసి ఛాతీలో, ఒంటినిండా పొడిచారు. రక్తం కారుతున్నా ఆయన పట్టు వదల్లేదు. దొంగలు దొరికారు. ఆయన 17 రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. 2024 పంద్రాగస్టుకు వెయ్యిమందికి పైగా పేర్లతో పతకాల జాబితా వస్తే, అందులో అన్నిటికన్నా పెద్దదైన రాష్ట్రపతి శౌర్య పతకం దేశం మొత్తం మీద ఆయన ఒక్కడికే వచ్చింది. ఆ వార్త చదివిన రోజు పేపరు మడిచి మీ నానమ్మకు ఇచ్చి, ఒక హెడ్ కానిస్టేబుల్‌కి ఇచ్చారు చూడు అన్నాను. ఆ సంతోషం ఇంకా తగ్గలేదు.

ఇంత సాహసం చేసినా పతకం దానంతటదే నడిచి రాదు పిల్లలూ. స్టేషన్ నుంచి ప్రపోజల్ వెళ్ళాలి. ఎస్పీగారు చూడాలి, డీజీపీ ఆఫీసు చూడాలి, రాష్ట్ర హోంశాఖ ఢిల్లీకి పంపాలి, అక్కడ కేంద్ర హోంశాఖలో వడపోత జరగాలి, చివరికి రాష్ట్రపతి ఆమోదించాలి. ఇన్ని చేతులూ నమ్మేది మొదటి కాగితాన్నే. నేను మొదటిసారి రాసినప్పుడు "అసమాన ధైర్యసాహసాలు ప్రదర్శించి" అని మొదలుపెట్టాను. మా సీఐగారు ఎర్రసిరాతో కొట్టేశారు. "ధైర్యం సంగతి వాళ్ళు చదివి చెబుతారు. చీకటా, వెలుతురా? ఎదుటివాడి చేతిలో ఏముంది, మనవాడి చేతిలో ఏముంది? వెనక్కి తగ్గే వీలుందా, లేదా? అవి రాయి" అన్నారు. మళ్ళీ రాయడానికి నలుగుర్ని కూర్చోబెట్టి అడగాల్సి వచ్చింది. ఆ తర్వాత అలాగే రాశాను.

రాసినా పోయినవి ఉన్నాయి. ఒక వర్షాకాలం వాగు పొంగి రోడ్డు మీదికి వచ్చింది. ఒక హోంగార్డు ఆ రాత్రి డ్యూటీలో లేడు. ఇంట్లో అన్నం తింటూ అరుపులు విని పరుగెత్తాడు. నడుముకు తాడు కట్టుకుని నీళ్ళలోకి దిగి, చెట్టును పట్టుకుని ఉన్న తల్లీబిడ్డల్ని ఒడ్డుకు తెచ్చాడు. ఇలాంటి వాటికి జీవన్ రక్షా పతకం ఉంది. ప్రాణాలు కాపాడినవాళ్ళకు కేంద్రం ఇస్తుంది. మామూలు జనానికి, మీలాంటి పిల్లలకు కూడా వస్తుంది. పోలీసులకైతే డ్యూటీలో భాగం కాకుండా కాపాడినప్పుడే. కాబట్టి అది ఆయనకు సరిగ్గా సరిపోయేది. నేను కాగితం రాశాను, పైకి పంపాను. అధికారి బదిలీ అయ్యారు, ఫైలు బీరువాలో ఉండిపోయింది. మళ్ళీ గుర్తుచేసేసరికి గడువు దాటిపోయింది. నేను ముందే ఇంకోసారి వెళ్ళి అడిగి ఉండాల్సింది. ఆయన ఏనాడూ ఒక్క మాట అనలేదు. అందుకే నాకు ఇంకా బాధ.

ఒక మనిషికే కాదు, స్టేషన్ మొత్తానికీ గుర్తింపు వస్తుంది. 2020లో కేంద్ర హోంశాఖ దేశంలోని మేటి పది స్టేషన్ల పేర్లు ప్రకటిస్తే, కరీంనగర్ జిల్లా జమ్మికుంట స్టేషన్ పదోది. అలాంటప్పుడు నాలాంటి రైటర్లకూ, ఊడ్చే ఆయాకూ అందులో వాటా ఉంటుందని నా నమ్మకం.

కొన్ని పతకాలు అందుకునే చేతులు వేరేవి. మావోయిస్టులతో పోరాడే పోలీసు దళం గ్రేహౌండ్స్‌లో పనిచేసిన కె. ప్రసాద్‌బాబు అనే మన తెలుగు కుర్రాడు 2013లో ఛత్తీస్‌గఢ్ అడవిలో తోటివాళ్ళను కాపాడుతూ చనిపోయాడు. 2014 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో ఆయనకు అశోకచక్ర ప్రకటించారు. యుద్ధం లేని కాలంలో సాహసానికి ఇచ్చే పతకాల్లో దాన్ని మించింది లేదు. రాష్ట్రపతి చేతినుంచి దాన్ని అందుకున్నది ఆయన తండ్రి. టీవీలో ఆ పెద్దాయన నడిచి వెళ్ళడం చూస్తూ నేను లేచి నిలబడ్డాను. మీ నాన్న కూడా నిలబడ్డాడు.

అక్టోబరు 21న మీకు వీలైతే మళ్ళీ రండి. 1959లో అదే రోజు లడఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ దగ్గర, తప్పిపోయిన తోటివాళ్ళను వెతుకుతూ వెళ్ళిన మన పోలీసులు పదిమంది చైనా సైనికుల కాల్పుల్లో చనిపోయారు. అందుకే దేశమంతా ఆ రోజు పోలీసు అమరవీరుల సంస్మరణ దినం జరుపుతారు. గడిచిన ఏడాదిలో డ్యూటీ చేస్తూ చనిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదువుతారు. చాలాసేపు పడుతుంది. పొద్దున్నే వెళ్ళాలి కాబట్టి ముందురోజే వచ్చెయ్యండి. మంచినీళ్ళ సీసా తెచ్చుకోండి. చిన్నూ, అక్కడ మాత్రం ప్రశ్నలు వద్దు. పేర్లన్నీ అయిపోయాక ఇంటికి నడుచుకుంటూ వద్దాం, దారిలో ఎన్నైనా అడుగు.

ఇట్లు,
మీ తాతయ్య