ఎర్రకోటలో బ్యారక్‌లు: కూల్చాలా, కాపాడాలా?

ఢిల్లీ ఎర్రకోటలో ఛత్తా బజారు (పైకప్పు ఉన్న అంగడి వీధి) దాటగానే ఎడమవైపు బ్రిటిష్‌వారు సైనికుల కోసం కట్టించిన మూడంతస్తుల బ్యారక్‌లు కనిపిస్తాయి. సికింద్రాబాద్ కంటోన్మెంటు చూసినవారికి ఆ తీరు కొత్త కాదు. మొఘల్ కోటలో ఇవి ఎందుకున్నాయి, వీటిని ఏం చేయాలి అన్న చర్చకు మూలం 1857లో ఉంది.

1639లో షాజహాన్ మొదలుపెట్టించిన ఈ కోట 1648 నాటికి పూర్తయింది. 1857 తిరుగుబాటును అణచివేశాక బ్రిటిష్‌వారు చివరి మొఘల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్‌ను 1858లో కోటలోని ఆంతరంగిక సభామందిరం దీవాన్-ఎ-ఖాస్‌లోనే విచారించి రంగూన్‌కు పంపేశారు. ఆ తర్వాత కోటను సైనిక స్థావరంగా మార్చుకున్నారు. అంతఃపురాలు, ముంగిళ్లు, తోటలు చాలావరకు నేలమట్టమయ్యాయి. మిగిలినవాటిలో ముంతాజ్ మహల్ అనే భవనం కొంతకాలం సైనిక జైలైంది. మోతీ మసీదు గుమ్మటాలపై ఉన్న బంగారు పూత రాగి రేకులను ఊడదీసి వేలం వేశారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది కూల్చివేత ఒక్కటే కాదు. కూల్చేముందు అక్కడ ఏమున్నదో చూపే నక్షా అయినా గీయలేదని వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ ఆ శతాబ్దంలోనే ఆగ్రహించాడు. ఆయన బ్రిటిష్‌వాడే. కట్టడం పోయినా కొలతలు మిగిలితే చరిత్ర కొంతైనా దక్కుతుంది. ఇక్కడ అదీ దక్కలేదు. చిత్రకారుడు మజహర్ అలీ ఖాన్ 1846లో కోట ప్రధాన ద్వారమైన లాహోర్ దర్వాజా మీద నుంచి గీసిన ఢిల్లీ దృశ్యచిత్రం వంటివి కొన్ని ఉండబట్టి, పోయినదేమిటో కాస్తయినా ఊహించగలుగుతున్నాం.

దీవాన్-ఎ-ఆమ్‌లో (బహిరంగ సభామందిరంలో) సింహాసనం వెనుక గోడ కథ వింటే నష్టం ఎలా జరిగిందో తెలుస్తుంది. నల్లరాతిలో రంగురాళ్లు పొదిగి పక్షులను, పూలను తీర్చిన పలకలు అక్కడ ఉండేవి. వీణ లాంటి వాద్యం వాయిస్తున్న గ్రీకు పురాణ గాయకుడు ఆర్ఫియస్ బొమ్మ వాటిలో ఒకటి. జాన్ జోన్స్ అనే సైనికాధికారి వాటిని పీకించి తీసుకెళ్లి తన ప్రభుత్వానికే 500 పౌండ్లకు అమ్ముకున్నాడు. తర్వాత వైస్రాయ్‌గా వచ్చిన లార్డ్ కర్జన్ పట్టుబట్టి వాటిని లండన్ మ్యూజియం నుంచి తిరిగి తెప్పించాడు. ఇటలీ నుంచి వచ్చిన పనివాడు మెనెగట్టి వాటిని మళ్లీ గోడలో అమర్చాడు. కాబట్టి ఇప్పుడు మనం చూస్తున్న గోడలో షాజహాన్ కాలంతో పాటు కర్జన్ కాలమూ ఉంది. పురావస్తు శాఖ అధికారి గోర్డన్ శాండర్సన్ బ్రిటిష్ రాజు కోసం ఢిల్లీలో జరిగిన 1911 దర్బారుకు ముందు కోటలో తవ్వించి, పాత పటాలతో సరిచూసి తోటల ఆనవాళ్లను బయటపెట్టాడు. బ్యారక్‌లు మాత్రం అలాగే ఉండిపోయాయి.

ఉండిపోవడమే కాదు, వాటికీ ఒక చరిత్ర ఏర్పడింది. 1945 నవంబరు 5న ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షానవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌ల విచారణ కోటలోని ఒక బ్యారక్‌లోనే మొదలైంది. భూలాభాయ్ దేశాయ్ వారి తరఫున వాదించారు. బ్యారక్‌లను పరాయి పాలకుల గుర్తులని కొట్టేస్తే, దేశమంతటినీ కదిలించిన ఆ విచారణ గుర్తు కూడా పోతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా కోటలో సైన్యమే ఉంది. 2000 డిసెంబరులో ఉగ్రవాదులు దాడి చేసింది ఆ శిబిరంపైనే. 2003 డిసెంబరులో కోట పురావస్తు శాఖ చేతికి వచ్చింది. ఏ పొరను ఉంచాలి, దేన్ని తీసేయాలి అన్న ప్రశ్న అప్పుడు ముందుకొచ్చింది. మరమ్మతుల తీరుపై వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చోటు దక్కింది. 2009లో సమగ్ర సంరక్షణ ప్రణాళిక సిద్ధమైంది. 2019 జనవరి 23న కొన్ని బ్యారక్‌లు మ్యూజియంలుగా తెరుచుకున్నాయి.

కూల్చకుండా వాడుకోవడం మంచి నిర్ణయమే. కానీ మ్యూజియం కోసం గోడలకు పలకలు బిగించేముందు పాత సున్నం, తలుపులు, మెట్లు, సైనికుల రాతలు అన్నిటినీ కొలిచి, ఫొటో తీసి భద్రపరచడం ఎక్కడైనా తప్పనిసరి కావాలి. పచ్చిక కింద మొఘల్ పునాదులు, కాలువలు ఇంకా ఉండే అవకాశం ఉంది కనుక, కోటలో పైపు కోసం తవ్వే చిన్న కందకం దగ్గర కూడా పురావస్తు నిపుణుడు నిలబడి చూడాలి.