అయిదుగురు ప్రొఫెసర్లు, ఒకే రోజు

పిల్లలూ,

పీహెచ్‌డీ ఇంటర్వ్యూలకు పిలుపులు వస్తున్నాయని విని చాలా సంతోషించాను. మీలో ఎక్కువమంది అడిగింది ఒకటే: "ఒక్క రోజులో అయిదారుగురు ప్రొఫెసర్లతో విడివిడిగా మాట్లాడాలట, ఎవరికి ఏం చెప్పాలి?"

అమెరికాలో జీవశాస్త్ర విభాగాలు చాలావరకు విద్యార్థిని విభాగం తరఫున చేర్చుకుంటాయి. మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో కొన్ని వారాల చొప్పున పనిచేశాకే గైడు ఎవరో తేలుతుంది. వాటిని రొటేషన్లు అంటారు. కాబట్టి ఒక్కరికి నచ్చితే సరిపోదు. జనవరి, మార్చి మధ్య ఈ ఇంటర్వ్యూలు పెట్టి, ఒక్కొక్కరి దగ్గర ఇంచుమించు అరగంట కూర్చోబెడతారు. ఆ తర్వాత అందరూ తమ అభిప్రాయం అడ్మిషన్ కమిటీకి చెబుతారు.

అంటే వాళ్లు మీ గురించి మాట్లాడుకుంటారు. ఇద్దరికి "మీ ల్యాబు తప్ప ఇంకేదీ వద్దు" అని చెబితే సాయంత్రానికల్లా బయటపడుతుంది. "ఇంకెవరి పని మీద ఆసక్తి ఉంది?" అని అడిగితే పేర్లు చెప్పేయండి, ఎందుకో కూడా చెప్పండి. దానికి నొచ్చుకునేవాళ్లు అరుదు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం మీరు చేసిన పనిని వివరించడం మీదే పెట్టండి. రెండు నిమిషాల్లో చెప్పగలగాలి: ప్రశ్న ఏమిటి, దాన్ని ఎలా పట్టుకున్నారు, ఏది పని చేయలేదు. ల్యాబు మొత్తం చేసినదాన్ని "మేము" అనండి, మీ చేత్తో చేసినదాన్ని "నేను" అనండి. అనుభవమున్న ప్రొఫెసరు ఈ తేడా కోసమే చూస్తారు. మీ రంగంవారైతే "కంట్రోల్ (ఫలితాన్ని పోల్చి చూడటానికి పక్కన పెట్టే ప్రయోగం) ఏం పెట్టావు?" అంటారు, వేరే రంగంవారైతే "ఇది తేలితే ఏమవుతుంది?" అంటారు. రెండోదానికే మనవాళ్లు తడబడుతుంటారు, అందుకే దాన్ని ముందే సాధన చేయండి. తెలియనిదాన్ని తెలియదనండి, ఎలా తెలుసుకుంటారో ఆలోచించి చెప్పండి. ఆ ఆలోచన వినడం నాకు సరైన జవాబు వినడం కన్నా ఇష్టంగా ఉండేది.

మీ అంశానికి సంబంధం లేని ప్రొఫెసరు జాబితాలో ఉంటే తేలిగ్గా తీసుకోకండి. రేపు మీ పరిశోధనను పరిశీలించే థీసిస్ కమిటీలో ఆయనే కూర్చోవచ్చు. అందరి పేపర్లూ చదవక్కర్లేదు. ఆసక్తి ఉన్న ఇద్దరివి పూర్తిగా, మిగతావారివి సారాంశం చూస్తే చాలు.

మీరూ అడగాలి. ఈ ఏడాది కొత్త విద్యార్థిని తీసుకునే ఉద్దేశం ఉందా, నిధులున్నాయా, విద్యార్థులను ఎంత తరచుగా కలుస్తారు, ఈమధ్య పట్టా పొందినవాళ్లకు ఎన్నేళ్లు పట్టింది? ఇవే ప్రశ్నలు ఆ ల్యాబు విద్యార్థులను కూడా, గైడు పక్కన లేనప్పుడు అడగండి. రెండు జవాబులూ పొంతన లేకపోతే, నన్నడిగితే, విద్యార్థుల మాటకే ఎక్కువ విలువ ఇవ్వండి.

ఆఫర్ వచ్చాక కంగారుపడి ఒప్పుకోవద్దు. ఆర్థిక సహాయంతో వచ్చే ఆఫర్లకు ఏప్రిల్ 15 వరకు గడువివ్వాలని అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు ఒప్పందం చేసుకున్నాయి. అయితే వద్దనుకున్న చోటికి మాత్రం ఆ తేదీ దాకా ఆగకుండా వెంటనే రాసేయండి. వెయిటింగ్ లిస్టులో మీలాంటి పిల్లలే ఆ సీటు కోసం ఎదురుచూస్తుంటారు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు