కోరంగిలో గోదావరి ఎటు పారుతుంది?

ఏటూరునాగారం దగ్గరో, కాళేశ్వరం దగ్గరో గోదావరిని చూసినవాళ్లకు నది ఎటు పోతుందో ఒకరు చెప్పక్కర్లేదు. వరదైనా, ఎండాకాలమైనా ఒకటే దిక్కు. అదే గోదావరి కాకినాడ పక్కన కోరంగికి చేరేసరికి పొద్దున ఒక వైపు, మధ్యాహ్నం ఇంకో వైపు పారుతుంది. లక్నవరంలో బోటెక్కి సరదా తీరని మన వరంగల్, హనుమకొండ కుర్రాళ్లు చలికాలంలో గౌతమి ఎక్స్‌ప్రెస్ పట్టుకుని అటు పోయి వస్తుంటారు. "నీళ్లు కదలనే కదలవన్నా, మన చెరువు లెక్కనే ఉంటది" అంటారు వచ్చాక. చూడ్డానికి అంతే. చెరువు నీళ్లు కట్ట ఆపితే ఆగుతాయి. అక్కడ నీళ్లను ఆపేది సముద్రం, అదీ కాసేపే.

కాళేశ్వరం దగ్గర గోదావరి సముద్ర మట్టానికి సుమారు 100 మీటర్ల ఎత్తున ఉంటుంది. పాపికొండలు దాటి ధవళేశ్వరం బ్యారేజీకి వచ్చేసరికి ఆ ఎత్తు చాలావరకు అయిపోతుంది. బ్యారేజీ దిగువన నది గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలాక మిగిలే వాలు అంతంతమాత్రం. గౌతమి నుంచి విడిపోయిన కోరంగి, గాడేరు లాంటి చిన్న పాయల్లో అదీ ఉండదు. పైగా కాకినాడ తీరానికి ఎదురుగా ఇసుకతో ఏర్పడ్డ హోప్ ఐలాండ్ బంగాళాఖాతం అలలకు అడ్డంగా నిలబడింది. వాలు లేదు, అలలు రావు. నీళ్లను నడిపే పని ఇక చంద్రుడిదే.

చంద్రుడి ఆకర్షణ వల్ల సముద్రం రోజుకు రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఈరోజు పొద్దున ఏడింటికి వచ్చిన పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నీటిమట్టం పెరిగేది మీటరు, మీటరున్నర లోపే. కానీ వాలే లేని చోట ఆ మీటరు చాలు, నది వెనక్కి తిరగడానికి.

ఉప్పునీరు మంచినీటి కంటే సుమారు రెండున్నర శాతం బరువు. కాబట్టి పోటులో సముద్రపు నీరు అడుగు నుంచి దూరి వస్తుంది, నది నీరు పైన తేలుతుంది. ఇక్కడే అసలు గమ్మత్తు జరుగుతుంది, దాన్ని ఇంట్లోనే చూడొచ్చు. రెండు గ్లాసుల నీళ్లలో గుప్పెడు చొప్పున చెరువు మట్టి కలపండి. ఒకదాంట్లో చెంచా ఉప్పు వేసి, రెండూ బాగా తిప్పి వదిలేయండి. ఉప్పు వేసిన గ్లాసు ముందు తేటపడుతుంది. బంకమట్టి రేణువులన్నిటికీ రుణావేశం ఉంటుంది, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. ఉప్పులోని అయాన్లు ఆ నెట్టుడును తగ్గిస్తే రేణువులు అతుక్కుని, ముద్దలై దిగిపోతాయి. వందల కిలోమీటర్లు ప్రయాణించిన మట్టి అలా ఉప్పు తగలగానే కింద పడుతుంది. మేడారంలో మనం మునిగే జంపన్నవాగు నీళ్లూ గోదావరిలోనే కలుస్తాయి కాబట్టి, కోరంగి బురదలో మన వాటా కూడా కొంత ఉన్నట్టే. (పాఖాల చెరువు మాత్రం లెక్కలోకి రాదు. ఆ నీళ్లు మున్నేరు మీదుగా కృష్ణకు పోతాయి.)

ఆ బురద మీదే మడ అడవి. 1978లో కోరంగిని అభయారణ్యంగా ప్రకటించారు. బురదలో గాలి ఆడదు కాబట్టి తెల్లమడ చెట్టు వేర్లు నేల చీల్చుకుని పైకి నిలబడి గాలి పీల్చుకుంటాయి. బోటు నుంచి చెయ్యి చాచి ఒక ఆకు వెనక్కి తిప్పి చూడండి, సన్నటి ఉప్పు పలుకులు మెరుస్తాయి. వేర్లు చాలా ఉప్పును బయటే ఆపేస్తాయి, లోపలికి జారుకున్నది ఆకులోని గ్రంథుల నుంచి బయటికి వస్తుంది. ఉప్పుపొన్న చెట్టుది ఇంకో పద్ధతి. దాని గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, ములక్కాడలా వేలాడుతుంది. రాలాక బురదలో గుచ్చుకుంటే అక్కడే నాటుకుంటుంది, నీళ్లలో పడితే తేలుతూ ఇంకో చోటు వెతుక్కుంటుంది. ఇక్కడ నీటికుక్కలు, నీటిపిల్లులు కూడా ఉన్నాయి కానీ, గోల చేస్తూ పోయే బోటుకు అవి కనపడవు.

కయాక్ అనే సన్నటి పడవలో తెడ్డు వేయాలనుకునేవాళ్లకు ఒక లెక్క. కయాక్‌లో కొత్తవాళ్లు గంటకు నాలుగైదు కిలోమీటర్లు పోతారు. ఎదురు ప్రవాహం గంటకు మూడు కిలోమీటర్లుంటే మిగిలేది ఒకటో రెండో. కాబట్టి ఓపిక ఉన్నప్పుడే ఎదురు వెళ్లి, అలసిపోయాక నీటివాలున తిరిగి రావడం తెలివి. మధ్యాహ్నం నేల వేడెక్కి సముద్రం నుంచి గాలి మొదలవుతుంది. ఆ గాలి, బయటికి పోయే నీరు ఎదురెదురైతే అప్పటిదాకా నున్నగా ఉన్న పాయలో అలలు లేస్తాయి. వరంగల్‌లో మనకు ఈ గాలి అలవాటు లేదు, అందుకే మనవాళ్లే ఎక్కువ టెన్షన్ పడతారు. పొద్దున్నే వెళ్లండి, లైఫ్ జాకెట్ విప్పకండి.

వానాకాలంలో ఈ కథంతా మారిపోతుంది. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులు దాటి మొదటి హెచ్చరిక ఎగరేసిన రోజుల్లో, కింద వరద నీరు ఉప్పునీటిని సముద్రంలోకి నెట్టేస్తుంది. అప్పుడు కయాక్ మాట ఎత్తకూడదు. అక్టోబర్, నవంబర్ నెలల్లో తుఫాన్ల భయం. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయి.

టికెట్ బుక్ చేసే ముందు కాకినాడ పోర్టు పోటు వేళలతో పాటు తిథి కూడా చూసుకోండి. అమావాస్యకో పున్నమికో సూర్యుడి లాగుడు చంద్రుడికి తోడవుతుంది. నీరు బాగా ఎక్కుతుంది, అంతే బాగా తీస్తుంది, బురద చాలా దూరం బయటపడుతుంది. రెక్కల మీద పాకే మడ్‌స్కిప్పర్ చేపల్ని, ఒక డెక్క మాత్రమే పెద్దదిగా ఉండే పీతల్ని చూడాలంటే అవే రోజులు. తీరిగ్గా తెడ్డు వేయడమే సరదా అయితే అష్టమి దాటిన మర్నాడో ఆ మర్నాడో మేలు, ఆటుపోట్లు రెండూ అప్పుడు మెత్తగా ఉంటాయి.