పాల ప్యాకెట్ మీద నీలం గుర్తు

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిన్నారులకు తాతయ్య ఆశీస్సులు.

ఈసారి పాల ప్యాకెట్ కత్తిరించే ముందు తిప్పి చూడండి. నీలం రంగులో ప్లస్ గుర్తుతో 'ఎఫ్' అక్షరం ఉంటే, ఆ పాలలో విటమిన్ ఏ, విటమిన్ డి కలిపారని అర్థం. కొన్ని నూనె ప్యాకెట్ల మీదా అదే గుర్తు ఉంటుంది.

డి అనగానే అందరికీ ఎముకలే గుర్తొస్తాయి. కండరాలకూ అది కావాలి. పెద్దవాళ్లలో బాగా తగ్గిపోతే తొడలు, తుంటి దగ్గరి కండరాలు నీరసపడతాయి. అమ్మమ్మ కుర్చీలోంచి లేచేటప్పుడు రెండు చేతులూ ఆనించి, ఒకసారి ముందుకు ఊగి లేస్తోందా? మెట్ల మీద రెయిలింగ్ పట్టుకుని ఒంటిని పైకి లాక్కుంటోందా? వయసు మీద పడిందిలే అని ఊరుకోకండి.

మన విశాఖలో ఎండకేం కొదవ అంటారు. కానీ తెల్లవారుజామున బీచ్ రోడ్డులో నడిస్తే కాళ్లకు బలమే గానీ డి పెద్దగా రాదు. చర్మంలో దాన్ని తయారుచేసే కిరణాలు ఎండ బాగా ఎక్కాకే నేలకు చేరతాయి. ఆ వేళకి ఆఫీసులో అద్దాల వెనక కూర్చుంటాం, కిటికీ అద్దం వాటిని రానివ్వదు.

పోనీ ఆ పాలు సరిపోతాయా? లెక్క వేద్దాం. లీటరులో కలిపే డి 5 నుంచి 7.5 మైక్రోగ్రాములు. అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసులో మహా అయితే ఒకటిన్నర. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 15. హార్బర్‌లో దొరికే కవళ్లు, కానాగంతల లాంటి చేపలు, గుడ్డు పచ్చసొన ఇంకొంత ఇస్తాయి.

అయినా నేను ఈ పాల పక్షమే. ఎవరూ ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, రోజూ తాగే టీతోనే కొంత లోపలికి పోతుంది. ఫిన్లాండ్‌లో 2003 నుంచి పాలలో డి కలుపుతున్నారు. 2011 నాటికి అక్కడి పెద్దవాళ్ల రక్తంలో దాని స్థాయి బాగా పెరిగింది.

ఒక్కటి మాత్రం. ఒంట్లో డి సరిపడా ఉన్నవాళ్లు ఇంకా మింగితే కండ పెరగదు. దానికి పప్పు, గుడ్డు, చేప తినాలి, ఒళ్లు వంచాలి. వారానికొకటి వేసుకునే 60,000 యూనిట్ల మాత్రలను పాత చీటీ చూపించి మళ్లీ మళ్లీ తెచ్చుకునేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. నాన్న తొడలు లాగుతున్నాయంటే ముందు డాక్టరు దగ్గరికి పంపండి, రక్తపరీక్ష చూసి ఆయనే చెబుతారు.

మీ తాతయ్య