పార్కిన్‌సన్స్ కొలత: 2004లో పడిన ముడి

పార్కిన్‌సన్స్ జబ్బుకు తయారుచేస్తున్న ప్రసినెజుమాబ్ మందును మూడో దశ పరీక్షలకు తీసుకెళ్తామని రోష్ కంపెనీ 2025 జూన్‌లో ప్రకటించడంతో పాత పేచీ మళ్లీ రేగింది: జబ్బు ముదరడాన్ని డాక్టర్ కన్నుతో కొలవాలా, యంత్రంతోనా? అంతకు ఆర్నెల్ల ముందే, 586 మందిపై జరిగిన పడోవా పరీక్షలో ఆ మందు ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు. కదలికల స్కోరు కనీసం 5 పాయింట్లు పెరిగేందుకు ఎంతకాలం పడుతుందన్నదే అక్కడి లెక్క. మందు వాడినవారికి ఆ ముప్పు 16 శాతం తగ్గినట్టు కనిపించింది గానీ, అది కాకతాళీయం కాదని గణాంకాలు తేల్చలేకపోయాయి. తప్పింది మందా, కొలతా?

ఆ స్కోరు వేసేది డాక్టర్ కన్ను. పేషెంటు చూపుడువేలిని బొటనవేలికి వీలైనంత వెడల్పుగా, వేగంగా 10 సార్లు తాటించాలి. వేలు ఎక్కడ ఆగింది, ఎన్నోసారికి కదలిక కుంచించుకుపోయింది అని చూసి డాక్టర్ 0 నుంచి 4 లోపు మార్కు వేస్తారు. ఇలాంటి మార్కులు 33, మొత్తం 132. అయిదు చోట్ల ఒక్కో మార్కు పెరిగితే చాలు, జబ్బు ముదిరినట్టే.

మరి స్కాన్ లాంటి యంత్రాన్ని ఎందుకు నమ్మలేదు? దానికి జవాబు 2004 డిసెంబర్‌లో ఉందని నా నమ్మకం. ఇంకా మందు మొదలుపెట్టని 361 మందికి 40 వారాల పాటు లెవోడోపా (పార్కిన్‌సన్స్‌కు ప్రధానంగా వాడే మందు) గానీ ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చి, ఆ తర్వాత రెండు వారాలు ఆపి చూశారు. ఉత్తుత్తి మాత్ర వాళ్ల జబ్బు స్కోరు 7.8 పాయింట్లు పెరిగింది, అంటే జబ్బు ముదిరింది. రోజుకు 600 మిల్లీగ్రాముల లెవోడోపా వాడినవారిది 1.4 తగ్గింది, అంటే మెరుగైంది. అదే సమయంలో 142 మందికి తీసిన మెదడు స్కాన్లు తిరగబడి చెప్పాయి: డోపమిన్ (కదలికలను నడిపే మెదడు రసాయనం) సంకేతం మొదటివారిలో 1.4 శాతం తగ్గితే, 600 వాడినవారిలో 7.2 శాతం తగ్గింది. మందు నాడీకణాలను దెబ్బతీస్తోందా, లేక స్కాన్ సంకేతాన్నే మార్చేస్తోందా? ఎవరూ తేల్చలేకపోయారు. లెవోడోపా అంటేనే పేషెంట్లలో భయం పెరిగింది. 2019లో నెదర్లాండ్స్‌లో 445 మందిపై జరిగిన పరీక్షలో, ముందు మొదలుపెట్టినా 40 వారాలు ఆలస్యంగా మొదలుపెట్టినా 80 వారాలకు తేడా కనబడలేదు. కొంత ఊరట దొరికింది గానీ, స్కాన్ మీద పోయిన నమ్మకం తిరిగి రాలేదు. పరీక్షలన్నీ మళ్లీ డాక్టర్ కన్నునే పట్టుకున్నాయి.

స్కోరును సమర్థించేవారి మాటలోనూ నిజముంది: వాచీ వణుకును పడుతుంది, గుండీ పెట్టుకోలేని కష్టాన్ని పట్టదు. కానీ క్లినిక్‌లో గడిపే ఆ కాసేపు పేషెంటు రోజు మొత్తానికి ప్రతినిధి కాదు. మెల్‌బోర్న్‌లో తయారైన మణికట్టు పరికరం పీకేజీ రోజుల తరబడి, రెండేసి నిమిషాలకు ఓసారి కదలికల తీరును లెక్కగడుతుంది. మాత్ర ప్రభావం ఏ వేళకు తగ్గిపోతోందో అందులో కనబడుతుంది. దానికి 2014లోనే అమెరికా అనుమతి దొరికింది. ఇదే ప్రసినెజుమాబ్‌పై 316 మందితో జరిగిన పాసడీనా పరీక్షలో ఫోన్, వాచీ కొలతలూ తీసుకున్నారు. గెలుపోటములు తేల్చింది మాత్రం పాత స్కోరే.

డ్యుషెన్ కండరాల జబ్బు విషయంలో యూరప్ నియంత్రణ సంస్థ 2023లో, చీలమండకు కట్టే పరికరం నమోదు చేసే నడక వేగాన్ని ప్రధాన కొలతగా ఒప్పుకుంది. పార్కిన్‌సన్స్‌కూ ఆ దారి తెరవాలని అడుగుతున్నవారికి ఇప్పుడు చేతిలో ఉన్న గట్టి ఆధారం అదే.